కిటికీ పక్క మంచం

ఆ పొద్దున పథకం వేసింది భార్య. కొట్టు ఒక్కరోజు మూసేసి, మొదటి రైలుకి సిటీకి వెళ్లి, కంటి ఆపరేషన్ చేయించుకున్న మావగారికి కనిపించి, దగ్గరుండి భోజనం తినిపించి, సాయంత్రం రైలుకి తిరిగి వచ్చెయ్యాలి. చిన్నపిల్లకు ఒంటినిండా పొంగు పోసింది కనక తను కదిలే వీలు లేదు. కదిలే వీలుంటే అతన్ని పంపేదే కాదు.

"మాట్లాడకపోయినా పర్వాలేదు, కనిపించండి," అంది కేరేజీ మూత బిగిస్తూ. "మా అక్కావాళ్ల కంటే ముందు వెళ్లండి. నాన్న కళ్లు తెరిచేసరికి ఎదురుగా మీరుండాలి."

"కట్టు విప్పేది రేపు కదా."

"అయితే గొంతైనా వినిపించండి. చిన్నల్లుడు కూడా వచ్చాడని ఆయనకి తెలియాలి. రెండో అంతస్తు, చివర కిటికీ పక్క మంచం. మర్చిపోకండి."

అతనిది పరుపుల కొట్టు. ఊళ్లో ఎవరి పరుపు ఉండకట్టినా, దూది ఏకి మళ్లీ కుట్టించుకోవాలన్నా అతని దగ్గరికే వస్తారు. అత్తవారింట్లో మాత్రం అతన్ని ఏ పనికీ ఎవరూ తలుచుకోరు. అక్కడ అతను చిన్నల్లుడు. ఆ మాట అనేటప్పుడు 'చిన్న' దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతారు. పెద్దల్లుడికి సిటీలో ఫ్లాటు, కారు, బీమా కంపెనీలో మేనేజరు ఉద్యోగం ఉన్నాయి. అత్తగారు పోయాక సొంత ఇల్లు అమ్మేసి మావగారు ఉంటున్నది కూడా ఆ ఫ్లాటులోనే.

మావగారు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలినా అలవాటు వదల్లేదు. మాట బయటికి తీసేముందు తూచి చూసుకుని, బరువు ఎక్కువనిపిస్తే మళ్లీ లోపలే పెట్టేసుకునేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో చిన్నల్లుడితో ఆయన అన్న మాటలన్నీ పోగేసినా ఒక పోస్టుకార్డు నిండదు. "రండి." "కూర్చోండి." "మంచిది." అంతకు మించి ఏమైనా అడిగితే "హుఁ". పెద్దల్లుణ్ని కూడా ఆయన 'మీరు' అనే అంటాడు. కాని ఆ 'మీరు'లో కాస్త వెచ్చదనం ఉందని, తనకొచ్చే 'మీరు' మాత్రం రాతిగచ్చులా చల్లగా ఉంటుందని చిన్నల్లుడికి గట్టి అనుమానం. ఆ అనుమానాన్ని అతను ఎవరికీ చెప్పలేదు. రాత్రిళ్లు దూది ఏకుతూ తనలో తనే నమిలేవాడు.

సిటీని అతను చూడటం అదే మొదటిసారి. భార్య పిల్లల్ని తీసుకుని ఏటా వెళ్లొచ్చేది. అతనికి కొట్టు అడ్డం వచ్చేది, లేదా కొట్టును అతనే అడ్డం పెట్టుకునేవాడు.

రైలు దిగగానే జనం అతన్ని ఏమీ అడక్కుండానే మోసుకుపోయారు. ప్లాట్‌ఫారం మీంచి కదిలే మెట్ల మీదికి, కదిలే మెట్ల మీంచి భూమి కిందికి. కేరేజీని చంటిపిల్లలా గుండెకు హత్తుకుని అతను మెట్టు మధ్యలో నిలబడ్డాడు. వెనకనుంచి ఒకామె "పక్కకండి" అంది. పక్కకి జరిగాడు. ఆ పక్కనుంచి ఇంకొకాయన "పక్కకండి" అన్నాడు. ఈ ఊళ్లో మనిషి ఎటు నిలబడినా అది ఇంకొకరి పక్కేనని అర్థమైంది.

భూమి కింద నడిచే రైల్లో, ఎదురుగా నిలబడ్డ సూటు మనిషి సూటిగా అతని కళ్లలోకి చూస్తూ, "ఎక్కడున్నారు?" అని అడిగాడు. ఊళ్లో అడుగుపెట్టాక అందిన మొదటి పలకరింపు.

"రైల్లోనేనండి," అన్నాడు చిన్నల్లుడు సంబరంగా.

"ఇంకా ఎంతసేపు?"

"మీకే తెలియాలండి. నేను కొత్త."

"మిమ్మల్ని నమ్ముకున్నందుకు నాకు బుద్ధి లేదు," అన్నాడా మనిషి.

చిన్నల్లుడి మొహం మాడిపోయింది. కాసేపటికి గాని ఆయన చెవిలో ఇరుక్కున్న గింజంత యంత్రం కంటపడలేదు. ఆ తిట్లు ఇంకెవరో తింటున్నారు. అయినా తగిలినవి తగిలినట్టే ఉన్నాయి. దిగేదాకా తల వంచుకునే నిలబడ్డాడు.

ఆస్పత్రి స్టేషనులో పైకి వెళ్లే దారులన్నిటికీ తలా ఒక అక్షరం పేరు పెట్టారు. "మెట్లెక్కితే గేటు ముందే తేలతారు," అని చెప్పిన భార్య, ఏ అక్షరం మెట్లెక్కాలో చెప్పలేదు. ఎక్కువమంది ఎటు వెళ్తుంటే అటు వెళ్లాడు. బయటికొచ్చి చూస్తే గేటు లేదు సరికదా, తల ఎత్తితే మేడల మధ్య ఆకాశం గుడ్డపీలికంత ఉంది. రోడ్డు పక్కన ఊరి పటం ఉన్న రేకు బోర్డు కనిపించింది. 'మీరు ఇక్కడ ఉన్నారు' అని పైన రాసి ఉంది గాని, ఎంతమంది వేలు పెట్టి చూసుకున్నారో ఆ చోట రంగంతా లేచిపోయి తెల్లటి రేకు మిగిలింది. తను నిలబడ్డ చోటు తప్ప ఊరంతా స్పష్టంగా కనిపిస్తోంది.

గొడుగు కింద పళ్లు అమ్ముకునే ఆవిణ్ని అడిగాడు. "ఆస్పత్రి ఎటమ్మా?"

"దాని గోడకానుకునే కదయ్యా నుంచున్నావు," అందావిడ తల ఎత్తకుండానే.

గోడ పట్టుకుని నడిస్తే గేటొకటి దొరికింది. అది వెనక గేటని గేటు మీద రాసి లేదు. ఆ గేటు పాత భవనంలోకి తీసుకెళ్తుందని, మావగారు ఉన్నది ముందువైపు కట్టిన కొత్త భవనంలోనని చెప్పేవాళ్లూ లేరు. భవనాలు రెండున్నాయని తెలియనివాడు ఏ భవనమని ఎవర్ని అడుగుతాడు? రెండో అంతస్తు ఎక్కాడు. పొడుగాటి వార్డు. అందరూ ముసలివాళ్లే. అందరికీ ఒకే ఆకుపచ్చ చొక్కా, కళ్లమీద ఒకే తెల్లటి కట్టు. చివర, కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

మావగారికి గుబురు మీసం ఉండాలి. లేదు. ఆపరేషనుకని గొరిగేసి ఉంటారు. కంటికీ మీసానికీ ఏమిటి సంబంధమో డాక్టర్లకే తెలియాలి. మనిషి సగానికి సగం తగ్గిపోయాడు. సిటీ తిండి అలాంటిది. కట్టు చెవుల మీదుగా తల చుట్టూ తిప్పి కట్టారు. మొహంలో మిగిలింది ముక్కు ఒక్కటే. మావగారి ముక్కును అంత పట్టిపట్టి చూసే చనువు అతనికి ఏనాడూ లేదు.

"నమస్కారమండీ. నేను చిన్న..." అని మొదలుపెట్టాడు.

పెద్దాయన చెయ్యి గాల్లో తడుముకుని వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"చిన్నోడా. వచ్చావా," అన్నాడు బొంగురు గొంతుతో. "నువ్వొస్తావని తెలుసురా."

చిన్నల్లుడు చేతిలోని కేరేజీని ఎలా కింద పెట్టాడో అతనికే తెలియదు. నువ్వు. ఎనిమిదేళ్లు 'మీరు' చుట్టూ కాపలా కుక్కలా తిరిగినవాడికి తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టయింది. కంటి మీద డాక్టరు కత్తి పడితే మనిషికి ఎవరెవరు కావాలో తెలిసివస్తుంది కాబోలు అనుకున్నాడు.

"ఎలా ఉందండీ, మావ..."

"గట్టిగా చెప్పరా, చెవుల మీద కట్టుంది. ఆ అండీలు ఏంటి కొత్తగా? నీ దగ్గర మర్యాదలు నేర్చుకునే వయసా నాది?"

"కాదండీ. కాదు."

"మరి నోరారా పిలువు."

"ఏమని?"

"నాన్నా అని. ఇంకేమని పిలుస్తావురా?"

చిన్నల్లుడి తండ్రి అతనికి ఊహ తెలిసేలోపే పోయాడు. ఆ మాటను వాడే అవసరం నోటికి ఎప్పుడూ రాలేదు. "నాన్నా," అన్నాడు. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి పక్క మంచాల వాళ్లు కూడా తల తిప్పారు.

పరుపు నడుము దగ్గర ఉండకట్టి ఉంది. పెద్దాయన్ని మెల్లగా పక్కకి ఒత్తిగిలబెట్టి, గుప్పిటతో దాన్ని సర్ది, దుప్పటి లాగి మళ్లీ పడుకోబెట్టాడు. "హమ్మయ్య," అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత ఆయన ఆగకుండా మాట్లాడాడు. మావగారిలో ఇన్ని మాటలు నిలవున్నాయని చిన్నల్లుడు కలలో కూడా అనుకోలేదు.

"నిన్ను తిట్టినన్ని తిట్లు ఎవర్నీ తిట్టలేదురా. ఎందుకో తెలుసా?"

మావగారు తనని పైకి తిట్టిన గుర్తు లేదు. మనసులో తిట్టుకుని ఉంటాడు. "ఎందుకు నాన్నా?"

"నువ్వు పడతావని. పెద్దోడైతే తిరిగి అనేస్తాడు. అంతే తప్ప నాకు నీమీదే ప్రాణం."

"నాకు తెలీదు నాన్నా."

"ఎలా తెలుస్తుంది? నేను చెప్పందే. పెద్దోడి దగ్గర ఉండలేకపోతున్నానురా. అన్నం పెడతారు. ఎదురుగా ఎవరూ కూర్చోరు. గోడకేసి చూస్తూ తిని చెయ్యి కడుక్కుంటాను. నీ దగ్గరికొచ్చేస్తాను. తీసుకెళ్తావా?"

"ఇవాళే రండి. రా నాన్నా."

"ఇల్లు నీకే. పెద్దోడితో అనకు."

ఇల్లు ఎప్పుడో అమ్మేశారు కదా అని ఒక్క క్షణం సందేహం వచ్చింది. కాని అమ్మేశానని పెద్దల్లుడికి చెప్పి గుట్టుగా ఉంచుకుని ఉంటాడని, ఇన్‌స్పెక్టరు బుర్ర ఊరికే పోదని సర్దిచెప్పుకున్నాడు. పక్క మంచం మీది కట్టుకళ్లాయన దగ్గి, "విన్నాం విన్నాం," అన్నాడు.

చిన్నల్లుడు వరండాలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. "మీ నాన్న నన్ను నువ్వు అంటున్నారు," అన్నాడు. మిగతాది చెప్పేసరికి అవతల ముక్కు చీదుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మా అక్కా బావా లేరా అక్కడ?"

"మనిషన్నవాడు లేడు."

"ఉండండి చెప్తాను," అంది భార్య. ఆ గొంతులో ఎనిమిదేళ్ల బాకీ మోగింది.

అతను తిరిగి వచ్చి కేరేజీ విప్పాడు. మెత్తగా ఉడికించిన అన్నం, కూరగాయల సూపు. ముద్ద ముద్దా కలిపి పెడుతుంటే పెద్దాయన ఆకలిగానే తిన్నాడు. "ఉప్పు లేదేంట్రా?" అన్నాడు మధ్యలో. భార్య వంటలో ఉప్పు ఉండదు, చెబితే వారం రోజులు ఇంట్లో మాట కూడా ఉండదు. "ఆస్పత్రి తిండి అలాగే ఉండాలి నాన్నా," అన్నాడు.

కేరేజీ సగమయ్యేసరికి ఫోన్ మోగింది.

"అక్కావాళ్లు నాన్న పక్కనే ఉన్నామంటున్నారు," అంది భార్య.

"ఎక్కడ? నేను తప్ప ఎవరూ లేరు."

"నాకు తెలుసు. అబద్ధాలు. వెనకాల కాఫీ కప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది." ఆమెకు చాలా ఆనందంగా ఉన్నట్టుంది.

మళ్లీ మోగేసరికి ఆ ఆనందం ఇంకిపోయింది. "మీరే లేరంటున్నారు. కిటికీ పక్కనే నుంచుని చూస్తున్నాం, మీ ఆయన జాడే లేదు, ఊరు చూడ్డానికి పోయుంటాడు అంటున్నారు."

"నేను నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నానే."

"మీ నాన్నెవరు?"

"మీ నాన్నే. నన్ను అలా పిలవమన్నారని చెప్పాను కదా."

"ఫోన్ ఆయనకివ్వండి. ఆయన నోటితోనే చెప్పిస్తాను."

చిన్నల్లుడు కట్టు కాస్త పైకి జరిపి ఫోన్ పెద్దాయన చెవికి ఆనించాడు. లోపల్నుంచి భార్య గొంతు సన్నగా వినిపిస్తోంది.

"నాన్నా, నేను."

"నేనంటే ఎవరమ్మా?"

"నీ చిన్న కూతుర్ని నాన్నా."

"నాకు కూతుళ్లెక్కడమ్మా?" అన్నాడు పెద్దాయన విసుగ్గా. "ఇద్దరూ మగపిల్లలే."

ఫోన్‌లో ఒక ఏడుపు మొదలై, మధ్యలోనే తెగిపోయింది.

అప్పుడైనా చిన్నల్లుడికి అనుమానం రావాలి. వచ్చింది కూడా. మీసం, ముక్కు, అమ్మేసిన ఇల్లు, లేని కూతుళ్లు అన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. అతను ఆ మణికట్టు మీది చేతిని చూశాడు. ఆ చెయ్యి అతన్ని గట్టిగా పట్టుకుని ఉంది. ఇద్దరల్లుళ్లనీ కొడుకుల కింద లెక్కేసుకుని, ఆ లెక్కలో కూతుళ్లని మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాడు. ఇంత బలహీనమైన వాదనను అతని కొట్లో ఎవరైనా చేసి ఉంటే దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ఇంకో ముద్ద తిను నాన్నా," అన్నాడు.

కేరేజీ ఖాళీ అయింది. పెద్దాయన తృప్తిగా త్రేన్చి, అతని చెయ్యి అలాగే పట్టుకుని కునుకు తీశాడు. కిటికీలోంచి చూస్తే కింద రోడ్డు మీద కార్లు, మనుషులు, అందరూ ఎవరికోసమో ఆలస్యమైపోతున్నట్టు పరుగు. ఈ ఊరు అంత చెడ్డదేం కాదనిపించింది చిన్నల్లుడికి.

అప్పుడొచ్చాడు చేతిలో ఇంకో కేరేజీతో, చెమటలు కక్కుతూ, అతని వయసువాడే ఒకాయన. వచ్చి మంచం దగ్గర ఆగి, పట్టుకున్న చేతుల్ని చూసి, "మీరెవరండీ?" అన్నాడు.

"నేను చిన్నల్లుణ్ని. మీరు?"

"ఈయనకి అల్లుళ్లు లేరు. నేను ఈయన చిన్నకొడుకుని."

పెద్దాయన కదిలాడు. "ఎవర్రా అది?"

"నాన్నా, నేను."

"నువ్వైతే మరి ఇదెవరు?" అన్నాడు పెద్దాయన, చిన్నల్లుడి చేతిని ఊపి చూపిస్తూ.

జవాబు పక్క మంచం ఆయన ఇచ్చాడు. "ఎవరైతేనేం, ఇల్లు ఇందాకే ఆయనకిచ్చేశారు. మేమంతా విన్నాం."

చిన్నకొడుకు కేరేజీని బల్ల మీద చప్పుడయ్యేలా పెట్టాడు. కళ్లు కనపడని ముసలివాళ్ల పక్కన చేరి ఆస్తులు రాయించుకునేవాళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారని విన్నానని, చూడటం మాత్రం ఇదే మొదటిసారని అన్నాడు. నర్సు వచ్చింది. నర్సు వెనక కాపలావాడు వచ్చాడు. చిన్నల్లుడు మావగారి పేరు చెప్పాడు, రెండో అంతస్తని చెప్పాడు, కిటికీ పక్క మంచమని చెప్పాడు.

"కొత్త బిల్డింగా, పాతదా?" అంది నర్సు.

"రెండున్నాయా?"

ఆ ఒక్క ప్రశ్నతో అతను మోసగాడు కాదని అందరికీ తెలిసిపోయింది. అంతకంటే తక్కువదేదో అని కూడా తెలిసిపోయింది. కాపలావాడు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

పెద్దాయన ఇంకా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు మెల్లగా వేళ్లు సడలించాడు. చేతిని తీసి దుప్పటి లోపల పెట్టుకున్నాడు.

"మొదటే చెప్పొద్దుటండీ," అన్నాడు. "మీరెవరో ఏంటో తెలీక ఏదేదో వాగాను. ఏమీ అనుకోకండి."

మీరు. అదే రాతిగచ్చు. ఈసారి దాన్ని పరిచింది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి.

చిన్నకొడుకు అతన్ని వార్డు గుమ్మం దాకా సాగనంపాడు. కోపం చల్లారింది. మొహంలో అలసట మాత్రం మిగిలింది. "నీమీదే ప్రాణం అన్నాడా?" అని అడిగాడు.

"అన్నారండి."

"నిన్న మా అన్నయ్యతో అన్నాడు. వాడు ఏడుస్తూ ఇంటికెళ్లాడు. ఇవాళ నా వంతు. మీరు కొట్టేశారు." అతను తన కేరేజీని చిన్నల్లుడి చేతిలో పెట్టాడు. "ఆయన మీ తిండి తినేశాడుగా. ఇది మీ మావగారికి పెట్టండి. ఇంట్లో వండింది కాదు. కింద హోటల్లో కట్టించుకుని కేరేజీలో సర్దాను. మా నాన్నకి చెప్పకండి. కోడలు వండిందనుకుంటే రెండు ముద్దలు ఎక్కువ తింటాడు."

కొత్త భవనం అద్దాలతో మెరిసిపోతోంది. చిన్నల్లుడు ఖాళీ కేరేజీ ఒక చేత్తో, నిండుది ఒక చేత్తో పట్టుకుని రెండో అంతస్తుకు చేరేసరికి వరండాలో వదినగారు, తోడల్లుడు కూర్చుని ఉన్నారు. ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. ఆమెవి ఏడ్చి, ఆయనవి ఆమె ఏడుపు విని.

"వచ్చారా," అంది వదినగారు. "ఇప్పుడొచ్చారా. మీ ఆవిడ చేసిన పని చూశారా?"

జరిగినది ఇది. చెల్లెలు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు వీళ్లు కాంటీన్‌లో కాఫీ తాగుతున్నారు. తండ్రి పక్కన లేమని ఒప్పుకోలేక, పక్కనే ఉన్నామన్నారు. పరుగున పైకి వచ్చి చూస్తే చిన్నల్లుడు లేడు. ఈ వాదన తేలకముందే, నాన్న నాకు కూతుళ్లే లేరన్నాడని చెల్లెలు గుండెలు బాదుకుంటూ మళ్లీ ఫోన్ చేసింది. నువ్వే ఏదో నూరిపోశావని అక్కని పట్టుకుంది. అక్క తండ్రి దగ్గరికి వెళ్లి, "చెల్లి నీ కూతురు కాదా నాన్నా?" అని అడిగింది. ఆయన తన అలవాటు ప్రకారం "హుఁ" అన్నాడు.

ఆమె హడలిపోయి డాక్టర్ని పిలిచింది. డాక్టరు ఆయన్ని ఇది ఏ సంవత్సరమని అడిగాడు. వందనుంచి ఏడేసి తీసేస్తూ లెక్కపెట్టమన్నాడు. మీ పేరేమిటని అడిగాడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ఊరందరి లెక్కలూ తప్పుపట్టిన మనిషి, తనని పట్టుకుని ఎవరో కుర్ర డాక్టరు లెక్కలడుగుతుంటే తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. డాక్టరు తల పంకించి, మత్తుమందు మెదడుకి ఎక్కిందేమో చూడాలన్నాడు. తలకి స్కానింగు రాశాడు. అది పరగడుపున చెయ్యాలన్నాడు. దాంతో పొద్దుటినుంచి ఆయన నోట్లో మంచినీళ్లు కూడా పడలేదు.

"స్కానింగులో ఏమొచ్చింది?" అన్నాడు చిన్నల్లుడు భయంగా.

"ఏమీ లేదంట," అన్నాడు తోడల్లుడు. "ఇంట్లో ఆయనతో ఎవరైనా మాట్లాడుతుంటారా అని అడిగాడు డాక్టరు. ఆయనే మాట్లాడరండి అన్నాం."

చిన్నల్లుడు తన సంగతి చెప్పాడు. భవనాలు రెండని చెప్పాడు. మణికట్టు సంగతి, నాన్నా అని పిలిచిన సంగతి మాత్రం చెప్పలేదు. వాళ్లు నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. ఎవరి తప్పు ఎక్కువో తేల్చుకునే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

మావగారు కిటికీ పక్క మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మీసం ఉంది. కళ్లమీద కట్టు ఉంది. పొద్దుటినుంచి ఆయన మంచం గురించి రెండు ఊళ్లలో ముగ్గురు కొట్టుకున్నారు. ఆ మంచం దగ్గర మాత్రం ఎవరూ కూర్చున్నట్టు లేదు. పక్కనున్న కుర్చీ మీద వదినగారి చేతిసంచి ఉంది.

"నేనండీ, చిన్నల్లుణ్ని."

"కూర్చోండి," అన్నాడు మావగారు.

అతను చేతిసంచి తీసి కిందపెట్టి కూర్చున్నాడు. నిండు కేరేజీ విప్పాడు. మూత తియ్యగానే వాసన వార్డంతా పాకింది. మావగారి ముక్కు కొద్దిగా అటు తిరిగింది. ఇవాళ ముక్కులు గమనించే అలవాటైంది చిన్నల్లుడికి. ముద్ద కలిపి నోటికందించాడు. మావగారు నమిలాడు, ఆగాడు, మళ్లీ నోరు తెరిచాడు. చివరి ముద్ద దాకా అలాగే తిన్నాడు. గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు విని, "ఇంకా ఉందా?" అని కూడా అడిగాడు.

"అయిపోయిందండి."

మావగారు మూతి తుడుచుకున్నాడు. చాలాసేపు ఏదో తూచాడు. ఆ తర్వాత అతను ఆయన నోట ఏనాడూ వినని పొడుగాటి మాట వినిపించింది.

"చిన్నమ్మాయికి ఇన్నాళ్లకి వంట పట్టుబడింది. ఉప్పూ కారం ఎక్కడికక్కడ సరిగ్గా ఉన్నాయి. అల్లుడుగారూ, కట్టు విప్పగానే నేను మీ ఇంటికొచ్చి ఉంటాను."

చిన్నల్లుడు నోరు తెరిచాడు. హోటల్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం కేరేజీ ఉన్న వైపే తిరిగి ఉంది. పొద్దుట ఇదే మాట ఇంకో మంచం మీంచి విన్నప్పుడు అతను ఇవాళే రమ్మన్నాడు. ఇప్పుడు "మంచిదండి" అని మాత్రం అనగలిగాడు.

వెనక వదినగారు మొహం అటు తిప్పుకుంది. ఇన్నేళ్లు మూడుపూటలా వండి పెట్టిన చేతుల్ని ఒకదానిలో ఒకటి దాచుకుంది. "హుఁ," అంది. తండ్రి గొంతు అచ్చంగా దిగిపోయింది.

తోడల్లుడు మాత్రం అతన్ని స్టేషను దాకా కార్లో దింపుతానని పట్టుబట్టాడు. తలుపు తనే తీశాడు. ఎనిమిదేళ్లలో ఆయన ఇంత ఉత్సాహంగా ఉండటం చిన్నల్లుడు చూడలేదు.

"మీరు అదృష్టవంతులండీ," అన్నాడు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. "ఆయనకి మొదట్నుంచీ మీరంటేనే గౌరవం. మీతో 'మంచిది' అంటారంట కదా. నాతో ఆ మాట కూడా ఎప్పుడూ అనలేదు. ఏటా ఆయన పుట్టినరోజుకి కేకు తెస్తాను. తింటారు. ఎలా ఉందో చెప్పరు." పచ్చలైటు పడింది. "సామాను రేపే సర్దిస్తాను. మంచం కూడా పంపించెయ్యనా?"

"మంచాలకి లోటు లేదండి," అన్నాడు చిన్నల్లుడు. "పరుపుల కొట్టు కదా."

రైలు కదిలాక భార్య ఫోన్ చేసింది. అక్కే చెప్పిందట. పొద్దున్నించి ఏడ్చిన గొంతు ఇప్పుడు పూర్తిగా తేరుకుని ఉంది. నాన్నకి ముందుగది ఇద్దామంది, కిటికీకి కొత్త పరదా కుట్టిద్దామంది, అక్క మొహం ఎలా పెట్టిందో చెప్పమంది. కిటికీ బయట సిటీ ఆఖరి మేడలు ఒక్కొక్కటిగా వెనక్కి పోతున్నాయి. ఎక్కడో ఆ మేడల మధ్య ఒక పెద్దాయన రేపు ఇంకెవరి చెయ్యో పట్టుకుంటాడు.

"ఇంతకీ నా వంటలో ఏది బాగుందన్నాడు నాన్న?" అని అడిగింది.

"అన్నీ," అన్నాడు అతను.

చూడ్డానికి చాలా చిన్న అబద్ధమే. ఇకమీదట మూడుపూటలా వండిపెట్టాల్సింది మాత్రం దాన్నే.